తెల్ల అంచు

"సుందరీ, హోస్టా కొత్త ఆకులు వేసిందా?"

సౌదీలోని అభా ఊళ్లో తన ఇంటి పెరట్లో, నీడన కుర్చీలో కూర్చుని అడిగింది జైనాబ్. ఆమెకు చూపు లేదు. ఆ పెద్దాకుల మొక్కలు చనిపోయిన భర్త నాటినవి.

"వేసింది మామా. ఒక్కో ఆకు చేటంత ఉంది," అంది పనిమనిషి సుందరి, నీళ్లు పోస్తూ. అక్కడ ఇంటి పెద్దావిడను 'మామా' అనే పిలుస్తారు, అమ్మా అన్నట్టు.

"తెల్ల అంచు వచ్చిందా?"

"పాలనురగలా వచ్చింది."

నిజానికి కొత్త ఆకులన్నీ ఉత్త పచ్చగానే వస్తున్నాయి. పెద్దావిడ బాధపడుతుందని సుందరి కొన్నాళ్లుగా అబద్ధమాడుతోంది.

జైనాబ్ నవ్వింది. "అంచు పోయిందని కోడలు ఎప్పుడో చెప్పింది."

సుందరి చెయ్యి ఆగిపోయింది. "మరి రోజూ నన్నెందుకు అడుగుతున్నారు?"

"ఇంకేం అడగను? అందరూ మందులిచ్చి వెళ్లిపోతారు. నువ్వొక్కదానివే ఆగి మాట్లాడతావు."

సుందరి వచ్చి పక్కనే గట్టు మీద కూర్చుంది. "ఆకులు కాకుండా ఇంకేదైనా అడగండి మామా."

జైనాబ్ ఆలోచించింది. "నీకు పిల్లలున్నారా?"

ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట అడగలేదు.

"కూతురుంది. కాకినాడలో మా అమ్మ దగ్గర. పేరు షైని..."

ఆ పేరు పైకి అనేసరికి సుందరికి ఏడుపొచ్చేసింది.

జైనాబ్ తడుముకుంటూ ఆమె భుజం పట్టుకుంది.

"నెమ్మదిగా చెప్పు. నేనెక్కడికీ వెళ్లను."