గుయ్యిమనే రెండు పెట్టెలు

“దీని సెవి మొద్దు, దాని గొంతు బొంగురు,” అని సూర్యారావు రెండు రేడియో రిసీవర్లకీ వంక పెట్టాడు.

ఒకప్పుడు, సరదాకి రేడియోలో దూరదూరాలకు మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్లు వాడిన ఆ బరువైన పెట్టెల్ని టెక్కలి నుంచి మోసుకొచ్చిన బావమరిది త్రినాథ్‌కి ఇంకా ఆయాసం తీరలేదు. ఏ స్టేషను పెట్టినా రెండింట్లోనూ గుయ్యిమనే రొదే.

“ఏదో ఒకటి ఉంచుకో బావా. మళ్లీ నాను మొయ్యనేను.”

“తిత్లీ తుఫానప్పుడు ఇశాపట్నం స్టేషను ఎంత తేటగా పలికింది! ఆ పలుకు ఇన్న సెవి ఇది. దేనికి పడితే దానికి లొంగదు.”

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను, బల్బులు, రొద, అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

“గోల పోయింది, ఇప్పుడు సూడు!” అని సూర్యారావు హుషారుగా మీటలు తిప్పాడు. రెండు పెట్టెలూ ఉలకలేదు, పలకలేదు. అవి కూడా కరెంటువేనని గుర్తొచ్చి, ఆ గొప్ప చెవినే గోక్కున్నాడు.

వంటింట్లోంచి మాత్రం విశాఖపట్నం వార్తలు తేటగా వినిపించాయి. భార్య కమలకుమారి చిన్న బ్యాటరీ రేడియోతో గుమ్మంలోకి వచ్చింది.

“తుఫానప్పుడు ఇన్నదీ దీన్లోనే కదండీ. అప్పుడు మన ఉద్దానమంతా కరెంటు నేదు, అందుకే కరెంటుతో వచ్చే ఈ గోలా నేదు. గొప్పతనం రేడియోదీ కాదు, మీ సెవిదీ కాదు.”

కరెంటు తిరిగొచ్చింది. బల్బులు వెలిగాయి. చిన్న రేడియో కూడా గుయ్యిమంది.

“ఇంతకీ ఏది ఉంచుతావు బావా?”

సూర్యారావు లేచి వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేశాడు. చెమటలు తుడుచుకుంటూ, మళ్లీ తేటగా పలుకుతున్న చిన్న రేడియోని ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఇదే. దీనికి కావలసిన సామాను ఇసనకర్రొకటే. కమలా, అదెక్కడెట్టేవు?”