తలకాయలు గిల్లని నెత్తళ్ళు

ఊళ్ళో అందరి మణికట్టుకీ వాచీ పోయి నొప్పి పట్టీ వచ్చేసింది. పంటినొప్పి నుంచి పురిటినొప్పి దాకా అన్నిటినీ అదే మింగేస్తోంది. నూకరత్నం ఒంట్లోని కేన్సర్ నొప్పిని కూడా మింగింది. దాంతోపాటు ఆవిడ కోపాన్నీ, నాలుక మీది రుచినీ మింగేసిందని మొగుడు సింహాద్రికి కడుపుమంట. కీమో ఎక్కించుకొచ్చినా బాగుందంటుంది, మాడిన అన్నం పెట్టినా బాగుందంటుంది. ఆ పట్టీని కనిపెట్టినోడికి ఇంట్లో తిట్టే పెళ్ళాం లేదు కాబోలు.

ఇన్నేళ్ళు తిట్లు తిన్న చెవులు ఊరుకుంటాయా? ఆ మధ్యాహ్నం అతను కావాలనే తలకాయలు గిల్లకుండా ఎండు నెత్తళ్ళ చేపల పులుసు పెట్టాడు. రత్నానికి అంతకన్నా మండే తప్పు లోకంలో లేదు.

ఆవిడ నవ్వుతూ తింది. "బాగుందయ్యా."

అతని చెయ్యి ఆవిడ పట్టీ దాకా వెళ్ళింది గాని, నొప్పి తిరిగొస్తుందని దాని మీట తగ్గించడానికి మనసొప్పక వెనక్కొచ్చింది. రత్నం అది చూసింది.

"ఏటి, నా తిట్లు కావాలేటి నీకు?" అని తనే మీట కిందికి తిప్పేసుకుంది.

ముఖం ముడుచుకుపోయింది. ఒక చేత్తో అతని మోచెయ్యి నలిపేస్తూ ఇంకో ముద్ద నమిలింది.

"తలకాయలు గిల్లలేదేటి, సచ్చినోడా? నోరంతా సేదు. మీ అమ్మ నీకు..."

ఆపైన మూలుగే వచ్చింది. సింహాద్రి గబగబా మీట పైకి తిప్పేశాడు.

"బాగుందయ్యా," అంది రత్నం, నుదుటి చెమట తుడుచుకుంటూ.

తర్వాత గిన్నెలు తోముతూ, మిగిలిపోయిన ఆ తిట్టుని అతనే తిట్టుకున్నాడు. మాటలన్నీ వచ్చాయి గాని, ఆవిడ గొంతు రాలేదు.