గేటు దగ్గర మద్దెల

“ఆ గొలుసు సంగతి మన కాంట్రాక్టులో లేదమ్మా,” అన్నాడు సెక్యూరిటీ మేనేజరు ఊ తిన్ మ్యో, ఫోన్లోంచి తలెత్తకుండానే.

పద్మిని కదల్లేదు. యాంగోన్‌లోని ఆ ఫుట్‌బాల్ స్టేడియంలో తూర్పు గేటు కాపలా ఆమెది. టికెట్లు లేనివాళ్ళు దూరిపోతున్నారని స్టేడియం వాళ్ళు తూర్పు స్టాండు వెనకున్న అత్యవసర ద్వారానికి గొలుసు చుట్టి తాళం బిగించారు. స్టాండు నిండిన రోజు ఏ చిన్న గొడవ జరిగినా జనం ఆ తలుపు మీదే పడి నలిగిపోతారు. ఆదివారం చూస్తే పెద్ద మ్యాచి. ఎన్నిసార్లు చెప్పినా గోడకి చెప్పినట్టే ఉంది.

పోనీ ఒకసారి అలారం నొక్కి అన్ని ద్వారాలూ తెరిపిద్దామంది. మేనేజరు ఈసారి తలెత్తాడు.

బాంబు దాడుల నుంచి స్టేడియాన్ని కాపాడటానికి ఈ సెక్యూరిటీ కంపెనీ తయారుచేసిన పథకానికి బీమా సంస్థ ఆమోదం వచ్చి ఎంతో కాలం కాలేదు. అందులో రాసినట్టు నడుచుకున్నంత కాలం ఏం జరిగినా, చివరికి ఉత్తుత్తి అలారం మోగినా సరే, కంపెనీ మీద గానీ కాపలావాళ్ళ మీద గానీ నష్టపరిహారం దావా వేయడానికి వీల్లేదు. సొంత బుర్ర వాడితే మాత్రం ఆ రక్షణ పోతుంది.

“నీ అనుమానంతో నొక్కావనుకో, మ్యాచి నష్టమంతా నీ నెత్తిన పడుతుంది. ఉద్యోగం ఊడుతుంది, జైలుక్కూడా పోతావు. వస్తువైనా కనబడాలి, మనిషి నోటి నుంచి బాంబన్న మాటైనా రావాలి. అప్పుడే నొక్కాలి. అర్థమైందా?”

అర్థమైంది. సాయంత్రం అహ్లోన్ పేటలో ఇంటికెళ్ళి తాత అచ్చెన్న ముందు కూర్చుని ఉన్నదంతా వెళ్ళగక్కింది. తండ్రి పోయాక ఆమెను పెంచింది ఆ తాతే. అంతా విని ఆయన చుట్ట ముట్టించుకున్నాడు.

“ఏటి సేస్తాం తల్లీ. రూలు రూలే గదా.”

ఆదివారం గేట్లు తెరిచీ తెరవగానే, స్టాండులో పట్టుమని పాతికమంది కూడా కూర్చోకముందే, వరసలో అచ్చెన్న ప్రత్యక్షమయ్యాడు. భుజానికి దుప్పటి చుట్టిన పెద్ద మూట. అందులో ఏముందని పద్మిని అందరినీ అడిగినట్టే బర్మా భాషలో అడిగింది.

“బోన్,” అన్నాడు అచ్చెన్న.

బర్మా భాషలో మద్దెలా బోనే, బాంబూ బోనే. గొంతు కిందికి దించి పలికితే మద్దెల, పైకెత్తి సాగదీస్తే బాంబు. అచ్చెన్న గొంతు వరసంతా వినబడేలా పైకి లేచింది.

వెనకున్నవాళ్ళు చెదిరిపోయారు. పద్మిని మొహం పాలిపోయింది. ఒక్క క్షణం తాత కళ్ళలోకి చూసి అలారం నొక్కింది.

ఆ తర్వాత ఆ పిల్లను చూసి తీరాల్సిందే. గొంతు పెంచకుండా, ఎవర్నీ పరిగెత్తనివ్వకుండా, ఉన్నవాళ్ళందర్నీ బయటికి నడిపించింది. పథకం ప్రకారం ఇక అన్ని ద్వారాలూ తెరవాలి. అక్కడే పని ఆగిపోయింది. తూర్పు ద్వారం తాళంచెవి ఎక్కడుందో స్టేడియంలో ఒక్కరికీ తెలియదు. చివరికి కట్టర్ తెచ్చి గొలుసు తెంచుతుంటే, ఆ రోజు తనిఖీకొచ్చిన బీమా అధికారిణి పక్కనే నిలబడి చెమటలు తుడుచుకుంది.

మూట విప్పితే భజన మద్దెల బయటపడింది.

మేనేజరు గదిలో విచారణ జరిగింది. అచ్చెన్న తెలుగు తప్ప ఒక్క ముక్క మాట్లాడలేదు. పద్మినే తర్జుమా చేసింది.

“మద్దెలనే అన్నాను బాబూ. నా నోట అలా ఎందుకొచ్చిందో ఏటో.”

అలారం విని వచ్చిన పోలీసు అధికారికి నవ్వాగలేదు. ఇంత ముసలాయన మీద కేసేమిటి, పంపేయమన్నాడు. బీమా అధికారిణి మాత్రం పద్మిని వైపు తిరిగింది.

“ఆయన నీ సొంత తాత. బాంబు తెస్తాడని ఎలా అనుకున్నావు?”

“గేటు దగ్గర నాకు తాత లేడు మేడమ్. ఆ మాట వినబడితే ఎవరన్నారని చూడొద్దని మీరు ఆమోదించిన పథకంలోనే ఉంది.”

ఇంత నిక్కచ్చి మనిషిని తన ఉద్యోగంలో చూడలేదంది ఆవిడ. పథకం అక్షరం తప్పలేదు కనక ఎవరి మీదా దావా ఉండదనీ, ఆ ద్వారానికి మళ్ళీ గొలుసు పడితే మాత్రం రక్షణ మొత్తం రద్దనీ అక్కడికక్కడే తేల్చేసింది.

మ్యాచి ఆలస్యంగా మొదలైనా తూర్పు స్టాండు ఇసకేస్తే రాలనట్టు నిండింది. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. అందరి ముందూ పద్మిని భుజం తట్టిన మేనేజరు, అచ్చెన్నను చూసి జాలిపడ్డాడు.

“మీ తాతకి కాస్త బర్మా భాష నేర్పించమ్మా.”

“అలాగే సార్,” అంది పద్మిని.

అచ్చెన్న రిటైరైన బర్మా భాష మేస్టారు.