కాల్చిన కార్డు

"దీంతో పగ తీరదు బాబాయ్. ఇంకా గట్టిది చూపించు."

పాత కంప్యూటర్ భాగాలమ్మే దుకాణాయన చేతిలోని ప్రాసెసర్‌ను బల్ల మీద పెట్టాడు.

"పగ తీర్చే ప్రాసెసర్ ఇంకా ఎవరూ చెయ్యలేదమ్మాయ్. నీ బోర్డులో కూర్చునేది ఇదొక్కటే. ఇంతకంటే పెద్దది కావాలంటే బోర్డు మార్చాలి. బోర్డు మారిస్తే మెమరీ మార్చాలి. మెమరీ మారిస్తే..."

"ఇల్లు మార్చాలా?"

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆమెది యానిమేషన్ పని. స్టూడియోలో ఒక్కతే కూర్చుని గీసిన చిన్న సినిమాను, స్టూడియో నడిపే సారు తన పేరుతో పోటీకి పంపేశాడు. ఇదేమిటని అడిగితే ఉద్యోగం పీకేశాడు.

పోటీవాళ్ళ దగ్గరికి పరిగెత్తింది. "మీదే అంటున్నారు, సరే. అసలు ఫైళ్ళు చూపించండి. అప్పుడాయన పేరు కొట్టేసి మీ పేరు రాస్తాం" అన్నారు వాళ్ళు.

ఆ ఫైళ్ళు సారు కంప్యూటర్లలోనే ఉండిపోయాయి. దొంగ చేతికి తాళం చెవులిచ్చి వచ్చినట్టయింది.

ఏడ్చింది. ఏడుపయ్యాక పంతం పట్టింది. ఆ సినిమా మొత్తం మళ్ళీ గీస్తుంది. అంతకంటే బాగా గీసి, దాని పక్కన పెడుతుంది. నలుగురిలో సారుకు తల కొట్టేసినట్టవ్వాలి. కానీ ఇంట్లో ఉన్న కంప్యూటర్ ఒక్క బొమ్మ కదపమన్నా రొదపెట్టి ఆగిపోతోంది.

"ప్రాసెసర్ సంగతి సరే. నీ పనికి బొమ్మలు కదిపే గ్రాఫిక్స్ కార్డే ప్రాణం. మంచిది దొరకడం లేదు," అన్నాడు దుకాణాయన.

అప్పుడే ఒకతను గబగబా లోపలికి వచ్చాడు. తువ్వాల్లో చుట్టి తెచ్చిన వస్తువును బల్ల మీద పెట్టి విప్పాడు. గ్రాఫిక్స్ కార్డు.

"ఇది తీసుకుని పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి ఇవ్వండి. ఎక్కువ తక్కువలు చూడను. ఇప్పుడే కావాలి."

"వెతకబోయిన తీగ కాలికి తగిలింది, చూశావా!" అన్నాడు దుకాణాయన ఆమెతో.

ఆమె చూస్తున్నది కార్డును కాదు. అతని మెడలోని నీలం పట్టీని. దానికి సారు స్టూడియో బ్యాడ్జి వేలాడుతోంది.

ఒళ్ళు మండిపోయింది. ముఖం ఎరగదు. తను వచ్చేశాక చేరినవాడై ఉంటాడు.

"డిస్క్‌కి ఎందుకంత తొందర?" అంది.

"సాయంత్రంలోపు కొంత సరుకు ఎక్కించాలండి. లేకపోతే పోతుంది."

"మీ సారు సరుకా?"

అతను తటపటాయించాడు. "అక్కడి సంగతులు బయట చెప్పకూడదండి."

తిన్నింటి వాసాలు లెక్కపెట్టని నమ్మకస్తుడన్నమాట! ఆమె పళ్ళు నూరుకుంది.

కార్డు చేతిలోకి తీసుకుంది. చాలా శుభ్రంగా ఉంది. తనకు కావలసింది సరిగ్గా అదే. అయినా ఆ స్టూడియోవాడికి మేలు జరగడం కంటే తన పని ఆగిపోవడమే నయమనిపించింది.

"బాబాయ్, ఇది కాల్చిన కార్డు."

దుకాణాయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చచ్చిన కార్డును ఓవెన్లో పెట్టి కాలిస్తే, వదులైన అతుకులు కరిగి మళ్ళీ అంటుకుంటాయి. కొన్నాళ్ళు బాగానే పనిచేస్తుంది. తర్వాత కొన్నవాడి నెత్తిన చస్తుంది. అందుకే ఆ మాట వినబడితే ఆ వీధిలో ఎవరూ కార్డు ముట్టుకోరు.

"కాల్చలేదండి! పొద్దున నా సొంత కంప్యూటర్లోంచి ఊడదీశాను. పెట్టి చూడండి."

"కాల్చినవి కూడా పెట్టి చూస్తే పనిచేస్తాయి," అంది ఆమె.

దుకాణాయనకు ఆమె కంటి మీద గురి. "వద్దు బాబూ," అన్నాడు.

అతను కార్డును తువ్వాల్లో చుట్టుకుని దిగాడు. దుకాణాయన గుమ్మంలోకి వెళ్ళి, ఎదురు దుకాణం వైపు "కాల్చిందట!" అని కేకేశాడు. అలా చెప్పుకోవడం ఆ వీధి కట్టుబాటు.

అతను ప్రతి దుకాణమూ ఎక్కి దిగడం ఆమె కళ్ళారా చూసింది. చివరికి వాచీ చూసుకుని, పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. ఆమె కడుపు చల్లబడింది. సారును కొట్టలేకపోయినా సారు మనిషిని కొట్టింది.

"ప్రాసెసర్ కట్టివ్వు బాబాయ్," అంది హుషారుగా.

సాయంత్రం ఆమె కంప్యూటర్ మూత విప్పుకుని కూర్చుంటే, ఇంకా ఆ స్టూడియోలోనే పనిచేస్తున్న స్నేహితురాలు ఫోన్ చేసింది.

"ఒసేయ్, ఘోరం జరిగిందే. సారు పాత కంప్యూటర్లన్నీ తుడిపించేశాడు. నీ ఫైళ్ళు ఒక్కటీ మిగల్లేదు."

"ఎప్పుడో చెరిపేసి ఉంటాడనుకున్నాను. ఇన్నాళ్ళూ ఉన్నాయా?"

"ఇవాళ మధ్యాహ్నం దాకా ఉన్నాయి."

చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పడేసింది. అయినా మొండిగా నవ్వింది.

"పోతే పోనీ. మళ్ళీ గీస్తా. ఇవాళ మీవాడొకడికి చుక్కలు చూపించాను తెలుసా? తువ్వాల్లో కార్డు చుట్టుకుని డిస్క్ కోసం వచ్చాడు. కాల్చిందని ఒక్క మాటన్నా. వీధంతా తిరిగి ఉత్త చేతులతో పోయాడు."

"కార్డిచ్చి డిస్క్ తీసుకుందామని వచ్చాడా?"

"అవును. ఏం?"

"అతను కొత్తగా చేరాడే. ఇంకా మొదటి జీతం కూడా ముట్టలేదు," అంది స్నేహితురాలు. "సాయంత్రంలోపు ఫైళ్ళు తుడవమని సారు చెప్పింది అతనికే. అతను బయటికెళ్ళి తిరిగొచ్చేలోగా ఇంకొకడి చేత తుడిపించేశాడు. పొద్దున నీ ఇల్లెక్కడని అడిగితే ఎందుకో అనుకున్నాను. ఇప్పుడే ఉద్యోగం మానేసి వెళ్ళిపోతూ చెప్పాడు. ఫైళ్ళలో నీ పేరు చూసి, ముక్కూ మొహం తెలియని నీకోసం, తుడిచేలోగా నీ సినిమా డిస్క్‌లోకి ఎక్కించి నీ గుమ్మంలో ఇవ్వాలని, సొంత కార్డు ఊడదీసుకుని బయల్దేరిన మనిషేనే అతను."