కరెంటు పోయిన సాయంత్రాలు

కొండాపూర్ ఫ్లాట్‌లో శేషకుమారి, చనిపోయిన తన భర్త రేడియోను అమ్మకానికి పెట్టింది. కొనడానికి వచ్చిన నర్సింగరావు దాన్ని బాల్కనీలో పెట్టి షార్ట్‌వేవ్ తిప్పాడు. ఒకటే గరగర.

"పాడైపోయిందేమోనండి," అందామె.

"రేడియోది కాదమ్మా. ఇంట్ల లైట్లు, వైఫై చేసే లొల్లి ఇది. జర మెయిన్ బంద్ చేయుండ్రి."

ఆమె వెళ్లి మెయిన్ స్విచ్ ఆపింది. గరగర పోయి, ఏదో దూరదేశపు పాట తేటగా వినిపించింది.

"మంచిగుంది. ఎంతకిస్తరమ్మా?"

ఆమె చూపు మెయిన్ స్విచ్ వైపు మళ్లింది.

రోజూ సాయంత్రం భర్త "కరెంటు పోయిందోయ్, బయటికి రా" అని రేడియో పట్టుకుని పిలిచేవాడు. చీకట్లో పక్కన కూర్చుని, ఆమె అపార్ట్‌మెంట్ వాళ్లను తిట్టుకునేది.

ఆయన పోయాక ఒక్క సాయంత్రమూ కరెంటు పోలేదు.