కిటికీ అద్దం వెనక

“గోడకు కొట్టేది వద్దు బిడ్డా. కిటికీ లోపల ఉండి బయటి అరుగును చూడాలె. వచ్చేటోళ్లకు మాత్రం అగుపడొద్దు.”

మర్రిగూడ బస్టాండు ఎదుటి దుకాణంలో గోవిందమ్మ మోకాళ్లు చాపుకుని కుర్చీలో కూర్చుంది. ఇరవై రెండేళ్లు ఆడపిల్లల హాస్టల్‌లో గంటె తిప్పిన మనిషి. ఇప్పుడు ఆ మోకాళ్లు ఆమె మాట వినడం మానేశాయి. దుకాణం నడిపే నాగరాణి బల్ల మీద పరిచిన కెమెరాల్లోంచి పెద్దవాటిని పక్కకు తీసేసింది.

“దొంగల భయమా అమ్మా?”

“నా ఇంట్ల ఎత్కపోయేందుకు ఏమున్నది? నేనే ఒకలను పట్టుకోవాలె.”

నాలుగు నెలల ముచ్చట అది. నీళ్ల ప్లాంటు దాకా నడవలేక, ఇక బోరు నీళ్లే గతి అనుకుని గోవిందమ్మ ఖాళీ క్యానును అరుగు మీద పడేసింది. తెల్లారేసరికి అది నిండి ఉంది. ఎవరో ఇల్లు పొరబడ్డారనుకుంది. మర్నాడు ఖాళీ చేసి పెడితే మళ్లీ నిండింది. అప్పటినుంచి ఒక్క రోజు తప్పలేదు. తెల్లవారుజామున చప్పుడు వినబడుతుంది. మంచం దిగి, గోడ పట్టుకుని, తలుపు తీసేసరికి క్యాను ఉంటుంది, మనిషి ఉండదు.

“ప్లాంటు కాడ ఎల్లేష్‌ను అడగకపోయినవా?”

“అడిగిన. పొద్దుగాల ఇరవై మంది పట్కపోతరు, ఎవలు ఎవలకు మోస్తున్నరో నాకేమెర్క అన్నడు.”

నాగరాణి నవ్వింది. “మంచి పని చేసేటోళ్లను పట్టుకునుడు ఎందుకమ్మా? తెలిస్తె నువ్వు వద్దంటవని దాస్తున్నరేమో.”

“అంటనే. ఎవ్వలకాడ ఊకె తీసుకునే అలవాటు లేదు నాకు. మూడు వందల మందికి వండి పెట్టిన చెయ్యి ఇది. గని ఈ నీళ్లు మాత్రం వద్దనబుద్ధి కాలే. చెంబుల పోస్కుని తాగుతుంటె మా అమ్మ మతికొస్తది.” గోవిందమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. రుణపడ్డందుకు ఆమెకు బాధ లేదు. దండం పెడదామంటే ఎదుట మనిషి లేకపోవడమే బాధ.

“ఆ మూడు వందల మంది యాదికున్నరా?”

“యాడ బిడ్డా, ఒక్కదాని పేరు గూడ లేదు.”

“తిన్నోళ్లకు యాది ఉంటదిలే.” నాగరాణి అగ్గిపెట్టెంత నల్ల కెమెరా ఒకటి ముందుకు జరిపింది. “గిది తీస్కో. మామూలుగ అద్దం ఎనక పెడితె, చీకట్ల కెమెరా లైటే అద్దానికి కొట్టి బొమ్మంత తెల్లబడ్తది. దీనికి ఆ లైటు బందు పెట్టొచ్చు. మీ ఇంటి ముంగటి స్తంభం లైటు సాలు.”

“అగుపడదు గద? అగుపడ్డదనుకో, రేపటి సంది రాదు. నీళ్లు పోతె పోనియ్, మనిషి పోతది.”

“రాదు అంటున్నవ్. ఆడమనిషని ఎట్ల తెలుసు?”

“శుక్రవారం నాడు క్యానుకు పసుపు బొట్టు ఉంటది. మొగోళ్లకు గంత సోయి ఉంటదా?”

“నీకు కెమెరా ఎందుకు, పోలీసోళ్లకన్న నువ్వే నయం. సరే, దొరికినంక ఏం జేస్తవ్?”

“ఒడిబియ్యం పోస్త.”

నాగరాణి చేతిలో కెమెరా ఆగిపోయింది. ఒడిబియ్యమంటే తల్లిగారింటివాళ్లు తమ ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోయడం. దారినపోయేవాళ్లకు పోసేది కాదు. గోవిందమ్మకు ఆడబిడ్డ లేదు. అయినా నారాయణపేట చీర తెప్పించి పెట్టెలో పెట్టుకుంది, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలతో సహా.

“ఆమెకు తల్లిగారిల్లు ఉండొచ్చు గదమ్మా.”

“ఉంటె నాది రెండోది అనుకుంటది. లేకుంటె నేనున్న.”

సాయంత్రం నాగరాణే వచ్చి కెమెరా బిగించింది. లెన్సును అద్దానికి ఆనించి, చుట్టూ నల్ల టేపు అతికించి, కర్టెన్ కప్పింది. బయటికి వెళ్లి చూస్తే కెమెరా ఉన్నదన్న సంగతి గోవిందమ్మకే తెలియలేదు. ఫోనులో ఎక్కడ నొక్కితే బొమ్మ వస్తుందో రెండుసార్లు నేర్పింది.

“నీకెవరు పోస్తరు బిడ్డా ఒడిబియ్యం?”

“అమ్మ పోయినంక ఎవ్వలు పొయ్యలే.” నాగరాణి టేపు ముక్కలు ఏరుకుంటూ అంది. “ఒక్క మాటమ్మా. అటు దిక్కునుంచి వచ్చి క్యాను పెట్టి పోతె ఈపే కనబడుతది. కిటికీ దిక్కు చూస్తెనే మొఖం పడుతది.”

“మరి చూడకపోతె?”

“చూడకపోతె ఏ కెమెరా ఏం జేస్తది?”

ఆ మాట గోవిందమ్మ గుండెల్లో గుచ్చుకుంది. నాలుగు నెలలు తప్పించుకున్న మనిషి ఈ ఒక్క పొద్దు కిటికీ వైపు ఎందుకు చూస్తుంది?

తెల్లవారుజామున చప్పుడు కాగానే ఆమె మంచం దిగలేదు. ఫోను నొక్కింది. బొమ్మ వచ్చింది. తలమీద కొంగు కప్పుకున్న ఆడమనిషి, వీపు ఇటే, నిండు క్యానును అరుగు మీద మెల్లగా దించుతోంది. శుక్రవారం. బొటనవేలితో బొట్టు పెట్టింది. మెట్టు దిగింది.

“జర ఇటు చూడు తల్లీ,” అంది గోవిందమ్మ ఫోనుతో.

దిగిన మనిషి ఆగింది. కొంగు భుజం మీదికి జార్చుకుంది.

కిటికీ వైపు తిరిగింది నాగరాణి.