చేతి వంశం

"ముందు ఆమె వంశమేందో చెప్పుమను. ఆ తర్వాతనే గడప దాటాలె" అంది ఆండాళమ్మ దొరసాని.

కోటలాంటి ఆ గడి లోపలి గదిలో ఆమె కోడలు ప్రమీలాదేవి పొద్దున్నుంచి నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని బాలవ్వ "ఇగ నాతోని గాదు" అని చేతులెత్తేసింది. మిషను దవాఖాన నుంచి బండిలో వచ్చిన అమెరికా డాక్టరమ్మ, ఆమె వెంట వచ్చిన నర్సు అంజవ్వ గడప ముందే నిలబడిపోయారు.

దామోదర్ రావు దొర కాలుగాలిన పిల్లిలా వసారాలో తిరుగుతున్నాడు. "అమ్మా, గిది వంశాలు అడిగే యాళ్ళనా?"

"నువ్వు ఊకో. గీ గడిల పుట్టినోళ్ళందరిని బాలవ్వ ఇంటోళ్ళే పట్టిన్రు. నిన్ను పట్టింది ఆమె అత్త. మొదలు ఏ చెయ్యి పడితె బిడ్డకు గా చేతి గుణమే వస్తది. ఊరూ పేరూ తెల్వని చేతులల్ల మా బిడ్డను ఎట్ల పెడ్త?"

ఆండాళమ్మ కిర్రుచెప్పులు చప్పుడు చేసుకుంటూ వచ్చి గడపకు అడ్డంగా నిలబడింది. ఏళ్ళు గడిచినా ఒక్క కుట్టు ఊడని ఆ చెప్పులంటే ఆమెకు మహా గొప్ప. గడి మొత్తం ఆ చప్పుడుకే సర్దుకుంటుంది.

అంజవ్వ సంగతంతా ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరమ్మకు కోపం రాలేదు సరికదా, ముఖం వెలిగిపోయింది. భుజాల నిండా కప్పుకున్న శాలువాలోంచి ఎడమచెయ్యి బయటికి తీసి తన సంచి అంజవ్వకు ఇచ్చింది. అందులో ఒక కాగితాల కట్ట ఉంది. అమెరికాలో ఆమె అన్న ఊరూరా తిరిగి, పాత రికార్డులన్నీ వెతికి, నకళ్ళు రాయించి పంపాడు. యుద్ధం వల్ల నెలల తరబడి సముద్రాల మీద తిరిగి ఆ కట్ట నిన్ననే చేరింది. అంజవ్వ ఒక్కో కాగితం విప్పి పట్టుకుంటే డాక్టరమ్మ చదివింది, అంజవ్వ తెలుగులో చెప్పింది.

"గిది ఓడల వచ్చినోళ్ళ పట్టీ దొరసానీ. డాక్టరమ్మ ముత్తాత పెండ్లాన్ని, సంటిపిల్లను తీసుకొని ఇంగ్లండు నుంచి అమెరికాల దిగిండు. గిది జనాభా లెక్క. అప్పుడు కిరాయి ఇంట్ల ఉన్నరు. గిది చర్చి పుస్తకం. ఇద్దరు పిల్లలను మన్నుల పెట్టిన్రు. గిది మల్ల జనాభా లెక్క. ఇప్పుడు ఇల్లు సొంతం. గిది డాక్టర్ల బడి కాగితం. గీడ ఉన్నది ఈమె పేరే."

"పనేం జేసెటోళ్ళు?"

అంజవ్వ చేతిలోని కాగితాలు చూసుకుంది. ప్రతి కాగితంలోనూ పని అన్న చోట ఒకటే మాట ఉంది. "చెబితే మనల్ని తిప్పి పంపుతారమ్మా" అంది మెల్లగా ఇంగ్లీషులో.

డాక్టరమ్మ తల ఎత్తింది. "చెప్పు. మా ముత్తాత సిగ్గుపడకుండా రాయించుకున్నాడు. మనమెందుకు దాచాలి?"

ఆ మాటకు అంజవ్వ కడుపు నిండినట్టయింది. ఇంకొకరి ముత్తాత గురించి తనకెందుకంత గర్వమో, ఆమెకు మాత్రం బాగా తెలుసు.

"చెప్పులు కుట్టెటోళ్ళు దొరసానీ. మూడు తరాలు గదే పని."

బాలవ్వ నోరు తెరిచింది. దొర తల పట్టుకొని మెట్ల మీద కూలబడ్డాడు. లోపల ప్రమీలాదేవి మూలుగు సన్నబడింది. ఆండాళమ్మ తెల్ల డాక్టరమ్మ ముఖంలోకి చూసింది.

"ఇంగ్లండంటె తెల్ల బాద్షా ఉండే ముల్కే గదా?"

"అవు దొరసానీ."

"బాద్షా ముల్కుల చెప్పులు కుట్టినా గది పెద్ద పనే అయితది. దాచకుంట చెప్పింది సూడు, గది గూడ పెద్ద గుణమే. పోనియ్యి. పిల్లా, నువ్వు గూడ పో. మాటలు చెప్పనీకె పో, అంతే."

బాలవ్వతో సహా ముగ్గురూ లోపలికి పోయారు, తలుపు మూసుకుంది. ఎండ వసారా దాటి వాకిట్లోకి జరిగింది. దొర మొక్కని దేవుడు లేడు. చివరికి లోపలినుంచి బిడ్డ ఏడుపు వినపడింది.

బాలవ్వ తలుపు తీసింది. "ఆడపిల్ల. తల్లీ బిడ్డా సల్లగున్నరు."

దొర కండువాలో ముఖం దాచుకొని ఏడ్చాడు. "మూడు తరాలకు మా గడిల ఆడపిల్ల" అంటూ ఆండాళమ్మ కిర్రుచెప్పులు గడప బయట విడిచి లోపలికి పోయింది. మనుమరాలిని చూడగానే ఆమె ముఖం చేటంత అయింది. చేతి బంగారు కడియం తీసి, పనివాళ్ళందరినీ గుమ్మం దగ్గరికి పిలిచింది.

"అందరు ఇనున్రి. గీ కడియం మా బిడ్డను పట్టిన చేతికి. ఇగ ముంగట గడిల ఎవ్వలు పుట్టినా గా వంశపోళ్ళే పట్టాలె. గిది నా మాట, తప్పేది లేదు. ఏది, కుడిచెయ్యి ఇటు పట్టు డాక్టరమ్మా."

డాక్టరమ్మ శాలువా తీసింది. కుడిచెయ్యి మోచేతి నుంచి వేళ్ళ దాకా కట్టుతో బిగించి ఉంది.

"మొన్న తొగుట ఊరి తొవ్వల... బండి పడ్డది. చెయ్యి ఇరిగింది" అంది వచ్చీరాని తెలుగులో. "ఎట్ల చెయ్యాల్నో నేను చెప్పిన. బిడ్డను పట్టింది అంజవ్వ."

 కడియం ఆండాళమ్మ వేళ్ళ మధ్యనే ఉండిపోయింది. అంజవ్వ తడి చెయ్యి కొంగుకు తుడుచుకొని, ఇందాక డాక్టరమ్మ ఎత్తినట్టే తల ఎత్తి, కుడిచెయ్యి ముందుకు చాపింది.

"నీది ఏ వంశమే?" అంది దొరసాని.

"మాకు కాగితాలు లేవు దొరసానీ. గడప అవుతల మీరిడిసిన కిర్రుచెప్పులను అడుగున్రి, గవ్విటిని కుట్టింది మా బాపు చంద్లాపూర్ పర్శరాములు."